టీకీ అన్నానికీ మధ్య ఒక గంట

టిఫిన్ తినగానే టీ. మధ్యాహ్నం భోజనం అవగానే టీ. హోటల్లో అయితే ఇడ్లీ ప్లేటు తీసేలోపే గ్లాసు బల్ల మీదకి వచ్చేస్తుంది. ఇంట్లో అయితే, అందరికీ వడ్డించి చివర్న నాలుగు ముద్దలు తిన్న ఇల్లాలు చెయ్యి కడుక్కోగానే పొయ్యి మీద పాలు పెడుతుంది. ఆ టీ ఆమెకి దొరికే కాస్త విశ్రాంతి. దాన్ని మానెయ్యమని నేను చెప్పను. ఒక గంట జరపమని అడుగుతాను. టీకీ అన్నానికీ మధ్య ఒక గంట. ఈ పూట నా ప్రసంగమంతా ఆ గంట గురించే.

గంట ఎందుకు ఆగాలి? కారణం తెలియని సలహా ఎక్కువ రోజులు నిలవదు. అందుకని ముందు కారణం చెప్తాను. ఆ కారణం వగరులో ఉంది.

పచ్చి అరటికాయ ముక్క కొరికి చూడండి. లేకపోతే పిందె జామకాయ. వక్కపలుకు. నేరేడు పండు. నాలుక పట్టేసినట్టు అవుతుంది. నోరంతా ఆరిపోయినట్టు ఉంటుంది. నిజానికి నోట్లో తడి ఎక్కడికీ పోలేదు. మన లాలాజలంలో కొన్ని ప్రోటీన్లు ఉంటాయి. నోటిని జారుడుగా ఉంచేవి అవే. కాయలోని వగరు పదార్థాలు వెళ్లి ఆ ప్రోటీన్లని పట్టుకుంటాయి. పట్టుకుని ఉండ కట్టిస్తాయి. జారుడు పోతుంది, నాలుక గరుకవుతుంది. మనకి వగరుగా తెలిసేది అదే.

ఈ పదార్థాల్ని పాలీఫెనాల్స్ అంటారు. మొక్కలు వీటిని తమ రక్షణ కోసం తయారు చేసుకుంటాయి. పురుగు నుంచి, తెగులు నుంచి, ఎండ నుంచి కాపాడుకోవడానికి. వేల రకాలున్నాయి. అన్నీ ఒకేలా వగరుగా ఉండవు. పసుపుకి రంగునిచ్చేది పాలీఫెనాలే. ఉల్లిపాయలో ఉంది, రాగుల పొట్టులో ఉంది, కరివేపాకులో ఉంది. టీ ఆకులో ఎక్కువగా ఉండే పాలీఫెనాల్స్‌ని కాటెచిన్లు అంటారు. గ్రీన్ టీలో అవి చాలావరకు అలాగే ఉంటాయి. మనం రోజూ కాచుకునే టీ పొడి తయారయ్యేటప్పుడు మాత్రం, నలిగిన ఆకు గాలి తగిలి ఎర్రబడుతుంది. కాటెచిన్లు వేరే రూపంలోకి మారతాయి. డికాషన్‌కి ఆ ఎర్రటి రంగు ఇచ్చేవి ఆ మారిన పాలీఫెనాల్సే.

రంగులు ఎన్నున్నా, పేర్లు ఎన్నున్నా, మీరు ఒక్క గుణం గుర్తుంచుకోండి. పాలీఫెనాల్స్ ప్రోటీన్లని పట్టుకుంటాయి. మళ్లీ చెప్తున్నాను. పాలీఫెనాల్స్ ప్రోటీన్లని పట్టుకుంటాయి.

ఈ సంగతి మన నేలకి కొత్త కాదు. తంగేడు చెట్టు మీకు తెలుసు. బతుకమ్మలో పేర్చే పసుపు పూల చెట్టు. తెలంగాణ రాష్ట్ర పుష్పం. ఆ తంగేడు చెక్కని, అంటే బెరడుని, తోళ్లు పదును చేసేవాళ్లు తరతరాలుగా వాడారు. లందలో, అంటే తోళ్లు నానేసే తొట్టిలో, నీళ్లు పోసి, తంగేడు చెక్క, కరక్కాయ వేసి, పచ్చి తోలు నానబెట్టేవారు. అలా రోజుల తరబడి నానాక, కుళ్లిపోవాల్సిన తోలు చెప్పులకీ, మోట తొండానికీ పనికొచ్చే గట్టి తోలయ్యేది. తోలు అంటే ప్రధానంగా కొల్లాజెన్ అనే ప్రోటీన్. తంగేడు చెక్కలో ఉండే టానిన్లు కూడా పాలీఫెనాల్సే. అవి ఆ ప్రోటీన్ పోగుల్ని పట్టి బిగిస్తాయి. అలా బిగిసిన ప్రోటీన్‌ని సూక్ష్మజీవులు తేలిగ్గా కొరకలేవు. అందుకే తోలు నిలుస్తుంది. ఎంత గొప్ప రసాయన జ్ఞానం అది! ఏ ప్రయోగశాలా లేకుండా, పని చేసే చేతులు కనిపెట్టిన జ్ఞానం. ఆ చేతులకి దక్కాల్సిన గౌరవం మనం ఇవ్వలేదు.

టీ తాగితే కడుపులో తిండి తోలైపోతుందని భయపడకండి. గ్లాసు టీలో పాలీఫెనాల్స్ కొంచెమే. కడుపులో తిండి ఉండేది కొన్ని గంటలే. కానీ లందలో పనిచేసిన గుణమే కడుపులోనూ పనిచేస్తుంది. కొద్దిగా, కానీ తప్పకుండా.

దీన్ని మీరు ఇంట్లోనే చూడొచ్చు. పాలు పోయని డికాషన్ ఒక గుక్క తాగండి. వగరుగా ఉంటుంది. అందులో కాసిని పాలు పోయండి. వగరు తగ్గిపోతుంది. పంచదార వెయ్యకముందే తగ్గుతుంది. మరి ఆ వగరు ఏమైంది? పాలల్లో కేసిన్ అనే ప్రోటీన్ ఉంది. పాల ప్రోటీన్‌లో సుమారు 80 శాతం అదే. నాలుక దగ్గర లాలాజలాన్ని పట్టుకోవాల్సిన పాలీఫెనాల్స్, గ్లాసులోనే ఈ కేసిన్‌ని పట్టుకున్నాయి. నోటికి వచ్చేసరికి అవి చాలావరకు ఖాళీగా లేవు. అందుకే పాల టీ మెత్తగా దిగుతుంది.

తిండిలోని కొవ్వు మీద టీ ఎలా పనిచేస్తుందో తెలియాలంటే, ముందు పాల సంగతి కొంచెం చూద్దాం. పాలు అంటే నీళ్లలో తేలే కొవ్వు బొట్లు. కంటికి ఆననంత చిన్న బొట్లు. ఆవుపాలల్లో కొవ్వు సుమారు 4 శాతం. గేదెపాలల్లో 6 నుంచి 8 శాతం. నూనె, నీళ్లు కలవవని అందరికీ తెలుసు. మరి పాలల్లో కొవ్వు నీళ్లతో ఎలా కలిసి ఉంది? ప్రతి బొట్టు చుట్టూ సన్నటి పొర ఉంది. ఆ పొర బొట్టుని బొట్టుతో కలవనివ్వదు. ఇలా నూనె బొట్లు నీళ్లలో నిలబడి ఉండే మిశ్రమాన్ని ఎమల్షన్ అంటారు.

ఇంట్లో కాచి చల్లార్చిన పాల మీద మీగడ కడుతుంది. పెద్ద కొవ్వు బొట్లు పైకి తేలతాయి కాబట్టి. హోమోజినైజ్డ్ అని రాసి ఉన్న ప్యాకెట్ పాలల్లో మీగడ అంతగా కట్టదు. ఫ్రాన్స్‌లో ఆగస్ట్ గోలాన్ అనే ఆయన 1899లో అలాంటి పాలు తయారుచేసే యంత్రానికి పేటెంటు తీసుకున్నారు. పాలని గట్టి ఒత్తిడితో సన్నటి సందులోంచి పంపితే, కొవ్వు బొట్లు చితికి ఇంకా చిన్నవవుతాయి. బొట్లు పెరిగాయి. కప్పాల్సిన మేర పెరిగింది. పాత పొర చాలదు. అప్పుడు కేసిన్ వచ్చి ఆ కొత్త బొట్లని కప్పుతుంది. అంటే ఆ పాలల్లో కొవ్వుని నిలబెట్టేది ఎక్కువగా ప్రోటీన్ పొరే. ఐస్‌క్రీమ్‌లోనూ అంతే. బాదం పాలల్లో, సోయా పాలల్లో కూడా ప్రోటీన్ పొరే. ముద్దపప్పులో నెయ్యి వేసుకుని తిన్నా, మనం నమిలి, కడుపు చిలికి, ఆ నెయ్యిని బొట్లు చేస్తాయి. పప్పులోని ప్రోటీన్ వెళ్లి ఆ బొట్ల చుట్టూ చేరుతుంది. కాబట్టి ఎమల్షన్ అనేది ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టే వస్తువు మాత్రమే అనుకోకండి. అది మీ కడుపులో రోజూ తయారవుతోంది.

మరి ఆ కొవ్వు ఎలా జీర్ణం అవుతుంది? బెల్లం గడ్డని నీళ్లలో వేస్తే కరగడానికి చాలాసేపు పడుతుంది. అదే బెల్లాన్ని దంచి వేస్తే తొందరగా కరుగుతుంది. బెల్లం అంతే ఉంది. నీళ్లు తాకే చోటు పెరిగింది. కొవ్వు జీర్ణం కావడంలోనూ ఇదే లెక్క. కొవ్వుని విడగొట్టే ఎంజైము పేరు లైపేజ్. అది నీళ్లలో ఉంటుంది. నూనె బొట్టు లోపలికి పోలేదు. బొట్టు పైభాగం మీద వాలి, అక్కడే పని చెయ్యాలి. బొట్లు చిన్నవైతే దానికి చోటు ఎక్కువ. బొట్టు మీది పొర గట్టిదైతే దానికి దారి కష్టం.

కడుపులో ముందు పెప్సిన్ అనే ఎంజైము వచ్చి ప్రోటీన్ పొరని కొరుకుతుంది. అక్కడి ఆమ్లానికి పాలు గడ్డకడతాయి. కొంత కొవ్వు అక్కడే విడిపోతుంది. మిగతాది చిన్నపేగుకి చేరుతుంది. అక్కడ పైత్యరసం వస్తుంది. అది బొట్టు మీది పాత పొరని పక్కకి నెట్టి తాను చేరుతుంది. క్లోమం నుంచి వచ్చిన లైపేజ్ అప్పుడు బొట్టు మీద వాలుతుంది. కొవ్వులో ఎక్కువ భాగం జీర్ణమయ్యేది అక్కడే.

ఇందులోకి టీలోని పాలీఫెనాల్స్ వస్తే ఏమవుతుంది? వాటి గుణం మీకు చెప్పాను. అవి ప్రోటీన్లని పట్టుకుంటాయి. బొట్టు మీది పొర ప్రోటీనే. పెప్సిన్ ప్రోటీనే. లైపేజ్ కూడా ప్రోటీనే. అరిగే ప్రోటీన్‌కీ, అరిగించే ఎంజైముకీ అవి తేడా చూపవు. దొరికినదాన్ని పట్టుకుంటాయి. పొరని పట్టుకుంటే పొర మందమవుతుంది. బొట్లు ఒకదానికొకటి అంటుకుని గుంపు కట్టవచ్చు. ఎంజైముని పట్టుకుంటే దాని వేగం తగ్గుతుంది. కొవ్వు, ప్రోటీన్ జీర్ణం కావడం కొంత నెమ్మదిస్తుంది.

ప్రయోగశాలల్లో దీన్ని గాజు పాత్రల్లో పరీక్షిస్తారు. ఇన్ఫోజెస్ట్ అని అంతర్జాతీయంగా ఒప్పుకున్న పద్ధతి ఉంది. 2014లో వచ్చింది, 2019లో మెరుగుపరిచారు. కృత్రిమంగా ఒక కడుపు, ఒక చిన్నపేగు. ఒక్కోదాంట్లో రెండేసి గంటలు. ఇలాంటి పరీక్షల్లో ఫలితాలు అన్నీ ఒకేలా రావు. చాలావాటిలో జీర్ణం నెమ్మదిస్తుంది. కొన్నిటిలో మాత్రం పాలీఫెనాల్ పట్టుకోవడం వల్ల ప్రోటీన్ మడత విప్పుకుని, ఎంజైముకి ఇంకా తేలిగ్గా దొరుకుతుంది. ఏ పాలీఫెనాల్, ఎంత, ఏ ప్రోటీన్‌తో కలిసింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. గాజు పాత్రకీ మనిషికీ తేడా కూడా ఉంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి క్లోమం అవసరానికి మించి ఎంజైములు వదులుతుంది. అందుకే బాగా తినే మనిషికి ఈ నెమ్మది పెద్ద నష్టం కాదు. పెద్ద లాభం కూడా కాదు. లైపేజ్‌ని ఆపుతుంది కాబట్టి ఫలానా టీ తాగితే కొవ్వు కరిగిపోతుందని అమ్మేవాళ్లని నమ్మకండి. గ్రీన్ టీ సారంతో చేసిన మాత్రల విషయంలో మరీ జాగ్రత్త. ఆ మాత్రల ద్వారా రోజుకి 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఇజిసిజి అనే కాటెచిన్ తీసుకుంటే కాలేయానికి ఇబ్బంది రావచ్చని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. గ్లాసులో కాచుకున్న టీ వేరు, మాత్రలో కూరిన సారం వేరు.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే సంగతికి వస్తాను. కాస్త శ్రద్ధగా వినండి.

కడుపులో ఆమ్లం ఉంది. వేడి ఉంది. మింగిన గాలిలోంచి వచ్చిన ఆక్సిజన్ ఉంది. తిండిలోంచి విడుదలైన ఇనుము ఉంది. ఇవన్నీ కలిస్తే అక్కడున్న నూనె, కొవ్వు చెడిపోవడం మొదలవుతుంది. నిలవ నూనె డబ్బాలో నెలల మీద జరిగేది, కడుపులో గంటల మీద కొంత జరుగుతుంది. కడుపే ఒక రసాయన పాత్ర అని ఇజ్రాయెల్ శాస్త్రవేత్త జోసెఫ్ కానర్, మరొకరితో కలిసి 2001లో రాశారు. ఆయన బృందమే 2008లో మనుషుల మీద పరీక్షించింది. టర్కీ కోడి మాంసం తిన్నాక, కొవ్వు చెడినప్పుడు పుట్టే ఒక పదార్థం రక్తంలో పెరిగింది. ద్రాక్షసారాలోని పాలీఫెనాల్స్ తోడైనప్పుడు ఆ పెరుగుదల ఆగింది. దీనికి సారా తాగక్కర్లేదు. 2010లో అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌లో మాంసానికి మసాలా పట్టించి వండి ఇదే చూశారు. లవంగం, దాల్చినచెక్క, మిరియాలు, అల్లం, వెల్లుల్లి ఉన్న మసాలా. వండిన మాంసంలోనూ, తిన్నవాళ్ల రక్తంలోనూ ఆ చెడు పదార్థం తగ్గింది. మన వంటింటి పోపులపెట్టె పక్కన ఉండే సరుకులే అవి. మాంసం కూరలో మసాలా రుచి కోసమే వేస్తున్నాం అనుకుంటాం. కడుపులో కూడా దానికి పని ఉంది.

ఆ పని పాలీఫెనాల్స్ ఎలా చేస్తాయి? ఒక దారి ఇది. కొవ్వుని చెడగొట్టడంలో ఇనుముది పెద్ద చెయ్యి. పాలీఫెనాల్స్ వెళ్లి ఆ ఇనుముని కట్టేస్తాయి. కొవ్వు బతికిపోతుంది. కానీ కట్టేసిన ఇనుము మన ఒంటికి అందదు. కొవ్వుని కాపాడే గుణమే మనకి ఇనుము దక్కనివ్వదు. మేలూ కీడూ రెండూ ఒకే గుణంలోంచి వస్తున్నాయి.

కూరలో వేసే మసాలా చిటికెడు. గ్లాసు టీలో పాలీఫెనాల్స్ అంతకంటే చాలా ఎక్కువ. అందుకే కీడు టీ దగ్గర బయటపడుతుంది. స్విట్జర్లాండ్‌లోని రిచర్డ్ హరెల్ బృందం 1999లో దీన్ని కొలిచింది. రొట్టెతో పాటు నల్ల టీ తాగినవాళ్లలో, ఒంటికి పట్టాల్సిన ఇనుము 79 నుంచి 94 శాతం తగ్గిపోయింది. మనం పాలు పోసుకుంటాం కదా, కేసిన్ వాటిని పట్టేస్తుంది కదా అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్న. వాళ్లూ పాలు పోసి చూశారు. తేడా దాదాపు రాలేదు. నాలుకకి తెలియకుండా పోయిన వగరు, కడుపులో మాత్రం తన పని చేస్తూనే ఉంది. టీ మెత్తగా ఉంది కదా అని మోసపోకండి.

పాలు పోస్తే టీలో ఉన్న మేలు పోతుందా అని కూడా చాలామంది అడుగుతారు. 2007లో బెర్లిన్‌లో 16 మంది స్త్రీల మీద చేసిన పరీక్షలో, పాలు కలపగానే రక్తనాళాలకి టీ చేసే మేలు కనపడలేదు. దానికి కారణం కేసిన్ అని తేల్చారు. అంతకుముందు 1998లో నెదర్లాండ్స్‌లో చేసిన పరీక్షలో, పాలు కలిపినా కాటెచిన్లు రక్తంలోకి అంతే చేరాయి. కేసిన్ జీర్ణమయ్యాక అది పట్టుకున్నవి విడుదలై ఉండవచ్చు. ఈ వాదన ఇంకా తెగలేదు. ఇనుము విషయంలో మాత్రం ఇంత సందేహం లేదు.

మన దగ్గర ఇది ఎందుకంత ముఖ్యం? 2019 నుంచి 21 దాకా జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ సగానికి పైగానే. ఇందుకు టీ ఒక్కటే కారణమని నేను అనను. తిండి చాలకపోవడం ఉంది. వెంట వెంట కాన్పులున్నాయి. నులిపురుగులున్నాయి. కానీ మనలో చాలామందికి ఇనుము తోటకూర నుంచి, పప్పుల నుంచి, సజ్జల నుంచి వస్తుంది. మొక్కల నుంచి వచ్చే ఇనుము ఒంటికి పట్టడమే కష్టం. ఆ పట్టే కాస్తనీ టీకి ఇచ్చెయ్యడం అన్యాయం. ఆఖరున తిని, తినగానే టీ తాగే మనిషికే ఈ అన్యాయం ఎక్కువ.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో భారతీయుల కోసం ఆహార సూచనలు విడుదల చేసింది. అందులో ఈ మాట ఉంది. భోజనానికి కనీసం గంట ముందు, భోజనం అయ్యాక గంట దాకా టీ, కాఫీలు వద్దు. ఆ గంట ఊహించి చెప్పింది కాదు. 2017లో బ్రిటన్‌లో స్త్రీలకి ఇనుము కలిపిన గంజి ఇచ్చి చూశారు. గంజితో పాటే టీ తాగితే ఇనుము పట్టడం తగ్గింది. గంట ఆగి తాగితే ఆ నష్టం చాలావరకు తగ్గింది. టీ మానలేదు, పలచన చెయ్యలేదు. గంట ఆగారు, అంతే.

మరి కరివేపాకు, రాగులు, ఆకుకూరలు కూడా మానాలా? వద్దు. వాటిలో పాలీఫెనాల్స్‌తో పాటు ఇనుమూ ఉంది, పీచూ ఉంది, ఇంకా ఎన్నో ఉన్నాయి. పాలీఫెనాల్స్‌లో ఎక్కువ భాగం పెద్దపేగు దాకా వెళ్లి, అక్కడి మేలుచేసే సూక్ష్మజీవులకి ఆహారమవుతుంది. అన్నంలో నిమ్మకాయ పిండుకోండి. భోజనంతో పాటు పండిన జామకాయ ముక్క తినండి. విటమిన్ సి ఉంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. పాలీఫెనాల్స్ వేసే కట్టుని కూడా అది కొంత సడలిస్తుంది. పప్పు, తోటకూర తిన్నరోజు నిమ్మకాయ మర్చిపోవద్దు.

చిన్నపిల్లల గురించి ఒక మాట. పొద్దున్నే బడికి వెళ్లే పిల్లలకి టీలో బిస్కెట్లు ముంచి పెట్టే ఇళ్లు చాలా ఉన్నాయి. పెద్దవాళ్లకి చిన్న నష్టమైనది, ఎదిగే పిల్లలకి చిన్నది కాదు. వాళ్లకి టీ వద్దు. ఉత్త పాలు ఇవ్వండి. పాలు కుదరకపోతే గంజి ఇవ్వండి, చద్దన్నం పెట్టండి.

ఆఖరుగా ఒక విన్నపం. ప్రభుత్వం గర్భిణులకి ఐరన్ మాత్రలు ఇస్తోంది. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. బడి పిల్లలకీ, ఎదిగే ఆడపిల్లలకీ వారం వారం మాత్ర ఇస్తున్నారు. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి అందిస్తున్నారు. అంత కష్టపడి ఇంటికి చేరిన మాత్రని చాలామంది పొద్దున టీతో మింగుతున్నారు. కొందరు పాలతో మింగుతున్నారు. పాలల్లోని కాల్షియం కూడా ఇనుముకి అడ్డమే. మీ ఇంట్లో, మీ వీధిలో ఐరన్ మాత్ర వేసుకునే వాళ్లుంటే ఈ రాత్రే చెప్పండి. మాత్ర మంచినీళ్లతో వేసుకోమనండి. దొరికితే నిమ్మరసం కలిపిన నీళ్లతో వేసుకోమనండి. మాత్ర వేసుకున్నాక గంటసేపు టీ గ్లాసు ముట్టుకోవద్దని చెప్పండి.